సెలవు చీటీలో చలిజ్వరం

ముందే చెప్తున్నాను, నవ్వుకోవాలంటే నవ్వుకోండి గానీ మధ్యలో లేచి వెళ్ళకండి. ఇంకో రౌండు టీ నేనే చెప్తాను. పోయిన నెల మా వీధిలో చంటిపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా అందరి వేళ్ళకీ సూది పొడిపించిన ఘనుణ్ణి నేనే. సబ్బవరం నుంచి పెళ్ళిచూపులకని వచ్చిన ఓ కుర్రాడు కూడా ఉన్నాడు అందులో. పిల్ల నచ్చిందో లేదో చెప్పకముందే రక్తం ఇచ్చి వెళ్ళాడు పాపం. ఇదంతా నేను రాసిన ఒకే ఒక్క సెలవు చీటీ వల్ల.

నా సంగతి మీకు తెలిసిందే. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్ని, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. షాఫ్టు మీద వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తానని పేరు. ఆ పేరు నాకు కాస్త నెత్తికెక్కిందని మా ఆవిడ పైడితల్లి అంటుంది. మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచీ నన్ను ఏమైనా అనే హక్కుంది. వన్‌టౌన్‌లో ఉంటాం, ఖాదర్ భాయ్ దుకాణం ఉన్న సందులోనే. మాకు ఒక్కతే పిల్ల, నూకరత్నం. ఎనిమిదేళ్ళు. ఈ గొడవంతా దాని చదువు దగ్గర మొదలైంది.

రత్నం అడిగే పిల్ల. నడక రాకముందే అడగడం మొదలెట్టిందని వాళ్ళమ్మ అంటుంది. క్రేను మీద పైనెక్కడో కూర్చునే డ్రైవరు టీ ఎలా తాగుతాడు, ఓడ ఇనపదైతే ఎందుకు మునగదు, దాన్ని లాక్కొచ్చే టగ్గు అంత చిన్నదేమిటి... డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పేలోపు నాలుగు ప్రశ్నలు. నేను విసుక్కునేవాణ్ణి. ఆ విసుగు ఎంత సుఖమో అది పోయాక తెలిసింది.

మూడో క్లాసులో ఓ రోజు టీచరు గోడకి మ్యాపు తగిలించి, నేల పచ్చ, సముద్రం నీలం అని చెప్పింది. మా పిల్ల లేచి, మన హార్బర్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి కదండీ అంది. నిజమే కదా, ఇనప ఖనిజం ఓడలకెక్కించే ఓర్ బెర్త్ పక్కన నీళ్ళు ఏ రంగులో ఉంటాయో మీరూ నేనూ రోజూ చూస్తున్నదే. డెబ్భై మంది పిల్లల్ని ఒక్కతీ చూసుకుంటున్న టీచరమ్మకి ఆ పూట ఓపిక లేకపోయింది. తప్పుగా చూశావు అని చెప్పి, గంట కొట్టే దాకా బెంచీ మీద నిలబెట్టింది. ఇంటికొచ్చి పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అడగడం మానేసింది.

బడిలోనే కాదు, ఇంట్లో కూడా. పొద్దున లేస్తే కడుపునొప్పి. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడం. ఓ ఆదివారం దాన్ని తీసుకుని ఛానెల్ ఒడ్డుకి వెళ్ళాను. ఓ పెద్ద ఓడ ఖాళీగా లోపలికొస్తోంది, సగం ఒళ్ళు నీళ్ళ బయటే ఉంది. ఎందుకలా తేలింది నాన్నా అని అడుగుతుందని నేను జవాబు కూడా సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఓడ మా ముందు నుంచి వెళ్ళిపోయింది. పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది, చెప్పు చివరతో ఇసక గీస్తూ ఉండిపోయింది. అక్కడే నాకు భయం వేసింది. ఉన్నది ఒక్క పిల్ల, అది లోపల లోపలే మూసుకుపోతోంది.

ఒక నెల బడి మాన్పించి ఇంట్లోనే ఉంచుదామన్నాను. పైడితల్లి ససేమిరా అంది. దాని భయం దానిది. పేరు కొట్టేస్తే టీసీ ఇవ్వరు, టీసీ లేకపోతే రేపు ఏ బళ్ళోనూ చేర్చుకోరు. సరే, పేరు పోకుండా సెలవు చీటీలు రాస్తానన్నాను. అదెంత పని అన్నాను. ఇక్కడే నా తెలివి మొదలైంది.

మన వర్క్‌షాపు పద్ధతి మీకు చెప్పక్కర్లేదు. బావమరిది పెళ్ళైనా, పొలంలో ఊడుపులైనా, కొత్త సినిమా మొదటాటైనా, సెలవు చీటీలో ఒకటే ముక్క. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. ఫోర్‌మన్‌కి తెలుసు, టైమ్ ఆఫీసుకి తెలుసు, ఎవరూ కిక్కురుమనరు. పద్దెనిమిదేళ్ళుగా అలా రాసి రాసి, సెలవంటే జ్వరం, జ్వరమంటే సెలవు అని నా బుర్రలో పాతుకుపోయింది. వేరే కారణం కూడా ఉంటుందని తట్టలేదు. మా అమ్మాయి జ్వరముతో బాధపడుచున్నందున అని రాసి బడి ఆయమ్మ చేతికిచ్చి వచ్చాను. తర్వాత వారం ఇంకోటి. నెల అన్నది రెండు నెలలైంది.

మరి ఆ రెండు నెలలూ ఇంట్లో ఏం చదువు చెప్పానంటే, నిజం చెప్పాలి, నేనేమీ చెప్పలేదు. మొదటి వారం పలకా బలపం ముందు పెట్టి ఎక్కాలు అప్పజెప్పమన్నాను. మళ్ళీ కడుపునొప్పి అంది. దాంతో భయపడి నోరు మూసుకున్నాను. పొద్దుట పూట నాకు డ్యూటీ లేని వారాల్లో చేపల జెట్టీకి తీసుకెళ్ళేవాణ్ణి. మిగతా రోజుల్లో వాళ్ళమ్మ వెనక రేషన్ షాపుకీ కుళాయి దగ్గరికీ తిరిగేది. మధ్యాహ్నాలు ఖాదర్ భాయ్ దుకాణంలో కూర్చునేది.

ఆ దుకాణం మీరు చూడాలి. ఓడల్లోంచి వచ్చే పాత సామాన్లన్నీ అక్కడే ఉంటాయి. ఇత్తడి లాంతర్లు, తాళ్ళు, ఏ దేశానివో రాతలున్న డబ్బాలు, చిరిగిన సముద్రం మ్యాపులు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఏ వస్తువు ముట్టుకున్నా ఒక్క మాట అనడు. ముట్టుకోనిచ్చి, పక్కన కూర్చుని బీడీ కాల్చుకుంటాడు. రత్నం డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదవడం నేర్చేసుకుంది. నేర్చుకుందని మాకు తెలియనే లేదు.

ఓ రోజు వాళ్ళమ్మ రొయ్యలు వొలుస్తోంది. పక్కన కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి, "అమ్మా, రొయ్యకి రగతం నేదేటి?" అని అడిగింది. పైడితల్లి చెయ్యి ఆగిపోయింది. నన్ను కేకేసింది. నాకు జవాబు తెలీదు. ఖాదర్ భాయ్‌ని అడిగితే ఆయనకీ తెలీదు. జవాబు తెలియకపోయినా మా ముగ్గురికీ ఆ రోజు పండగే. పిల్లకి నోరొచ్చిందని పైడితల్లి ఎదురింటి వాళ్ళకి కూడా రొయ్యల ఇగురు పంచింది.

అక్కణ్ణుంచి ఆగలేదు. ఖాదర్ భాయ్ ఓ ఓడ మందుల పెట్టెలోంచి వచ్చిన థర్మామీటరు దాని చేతిలో పెట్టాడు. అది ఎలా పని చేస్తుందో నేను చూపిస్తానన్నాను. పెద్ద ఫిట్టర్ని కదా. వేడి ఎక్కువైతే పాదరసం ఎక్కువ పాకుతుంది చూడమ్మా అని సలసలా కాగే టీ గ్లాసులో ముంచాను. ఠప్‌మని పగిలింది. టీ పోయింది, థర్మామీటరు పోయింది, పాదరసం గుండ్లు నేల మీద ఉరుకుతుంటే అది విషం, ముట్టుకోవద్దని ఖాదర్ భాయ్ అరుపులు. రెండోది ఇచ్చేటప్పుడు ఆయన నన్ను దుకాణం గడప దాటనివ్వలేదు. పిల్లకే నేర్పాడు.

అంతే, మా రత్నం నోటుబుక్కులో గీతలు కొట్టి గళ్ళు చేసింది. అమ్మ, నాన్న, నేను, ఖాదర్ తాత, ఖాదర్ తాత మేక. రోజూ పొద్దున్న అందరికీ పెట్టి చూసి గడిలో రాయడం. మేకకి ఎప్పుడు చూసినా నూట రెండు దాటి ఉంటోందని రెండ్రోజులు దిగులు పడింది. తర్వాత పక్క సందులో మేకలు రెండింటికి కూడా చూసొచ్చి, "మేకలకి అంతే ఉంటాది నాన్నా, వొంట్లో బాగున్నా అంతే" అని తేల్చింది. ఎవరూ చెప్పలేదు దానికి. నాకు ఛాతీ ఉబ్బింది. వర్క్‌షాపులో కనపడ్డ వాడికల్లా చెప్పాను. మీకూ చెప్పే ఉంటాను.

నవంబరులో నాకు ఒంట్లో తేడా చేసింది. ఓ రోజు మధ్యాహ్నం చలి, ఒణుకు, తర్వాత ఒళ్ళు కాలడం, చెమట్లు పట్టి తగ్గిపోవడం. మర్నాడు శుభ్రంగా ఉండేది. ఆ మర్నాడు మళ్ళీ. నాకు సెలవుల్లేవు. ఫీవర్ అని రాసి రాసి, నిజం జ్వరానికి ఒక్క రోజు కూడా మిగుల్చుకోలేదు. తలనొప్పి బిళ్ళ వేసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. ఓ రోజు షిఫ్టుకి బయల్దేరుతుంటే ఒళ్ళు వేడిగా ఉందని రత్నం థర్మామీటరు పెట్టింది. తీసి చూసి నూటొకటి అంది. మొన్న కూడా అంతే, నిన్న మాత్రం లేదు అని గళ్ళు చూపించింది.

నేను థర్మామీటరు లాక్కున్నాను. కిటికీ వెలుగులో ఇటూ అటూ తిప్పాను. "తొంభై ఎనిమిదే. తప్పుగా సూసేవు" అన్నాను. పిల్ల దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. థర్మామీటరు కడిగి గొట్టంలో పెట్టేసుకుంది. నేను చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

అదే వారం చీటీ రాయాల్సి వచ్చింది. జ్వరము, తిరగబెట్టిన జ్వరము, జ్వరము పిమ్మట నీరసము, అన్నీ అయిపోయాయి. ఏం రాయాలో తోచక, మన డిస్పెన్సరీ గోడ మీద ఓ పోస్టరు ఉంది చూడండి, దాని ముందు నిలబడి ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. రోజు విడిచి రోజు చలితో కూడిన జ్వరము, ఒణుకు, తలనొప్పి, పిదప అధికముగా చెమటలు. చాలా అందంగా కుదిరిందనుకున్నాను. ఆ పోస్టరు పైన పెద్దక్షరాలతో మలేరియా అని ఉంటుంది. ఆ మాటొక్కటీ వదిలేశాను. ఆ లక్షణాలే నా ఒంట్లో ఉన్నాయని కూడా నాకు వెలగలేదంటే నా తెలివి ఎలాంటిదో మీరే చూసుకోండి.

బడికి ఆ ఏడాదే కొత్త హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. చీటీలన్నీ దాచిన మనిషి. రెండు నెలల నుంచీ జ్వరం, ఇప్పుడు చలిజ్వరం అని చూసి కంగారుపడి ఆవిడే మలేరియా ఆఫీసుకి కబురు పెట్టారు. నాలుగో రోజు పొద్దున్న, నేను ఇంట్లోనే ఉన్నాను, మా సందు మొదట్లో కలకలం. మలేరియా ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక దోమల మందు డీడీటీ డబ్బాలు, పంపులు మోసుకుంటూ నలుగురు, వాళ్ళ వెనక గొడుగేసుకుని హెడ్‌మిస్ట్రెస్ గారు. నూకరత్నం ఇల్లెక్కడని అడుగుతూ వస్తున్నారు.

ఆ సమయానికి ఆ జ్వరం పేషెంటు రత్నం, ఖాదర్ భాయ్ పెరట్లో మేకని పట్టుకుని దాని చంకలో థర్మామీటరు పెట్టి నిలబడి ఉంది. నేను ఒక్క పరుగున వెళ్ళి ఎత్తుకొచ్చాను. మంచం మీద పడేసి, పైడితల్లి చేత దుప్పటి కప్పించాను. కాసేపు జ్వరమొచ్చినట్టు పడుకో అని చెవిలో చెప్పాను.

దుప్పట్లోంచి మొహం బయట పెట్టి అది నన్ను అలా చూసింది. "నాకేటీ అవ్వనేదు కదా నాన్నా. ఎందుకు పడుకోవాల?"

దుప్పటి మళ్ళీ దాని మీదికి లాగాను. ఈలోపు గుమ్మంలోకి వచ్చేశారు.

ఇన్‌స్పెక్టరు గారు మంచి మనిషి. మంచం పక్కన కూర్చుని, పాపా ఎలా ఉందమ్మా అని అడిగి థర్మామీటరు పెట్టాడు. తీసి చూసి కనుబొమలు ఎగరేశాడు. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. రత్నం దుప్పటి తీసి లేచి కూర్చుంది. పొద్దున తను చూసుకున్నప్పుడూ అంతే ఉందని చెప్పింది. కావాలంటే చూడండని తలగడ కింద నుంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. వారాల తరబడి గళ్ళు. తన వరసలో ఒక్క గడిలో కూడా జ్వరం లేదు.

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు చేతిసంచీలోంచి నా చీటీల కట్ట తీసి నోటుబుక్కు పక్కన పెట్టారు. తారీకుకి తారీకు. గుమ్మం దగ్గర వీధి వీధంతా చేరి ఉంది. పైడితల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుపో కోపమో అప్పుడు తెలియలేదు, రెండూనని తర్వాత చెప్పింది.

నన్ను తిడతారని చూస్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు తిట్టలేదు. కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పుతున్నారు. మేక వరస దగ్గర ఆగి చిన్నగా నవ్వుకున్నారు కూడా. తర్వాత ఓ చోట వేలు పెట్టి, ఈ వరస ఎవరిది, మధ్యలో ఖాళీ అయిపోయిందేం అని అడిగారు.

"నాన్నది" అంది రత్నం. "నాన్నకి రోజు యిడిసి రోజు నూటొకటొచ్చేది. నాన్న తప్పుగా సూసేవన్నాడు. నాకు సూడ్డం రావట్లేదని రాయడం మానేసినాను."

ఏ ఫిర్యాదూ లేదు ఆ గొంతులో. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. దాన్ని బెంచీ ఎక్కించిన టీచరమ్మని రెండు నెలలుగా తిట్టుకుంటున్నాను నేను. ఆవిడకి డెబ్భై మంది పిల్లలు, నాకు ఒక్కతి. ఆవిడ అన్న మాటే అన్నాను, అచ్చం అదే మాట. నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

ఇన్‌స్పెక్టరు గారు లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు. ముందు మీ వేలు ఇటివ్వండి అన్నాడు.

తర్వాత జరిగింది వీధిలో మీరు ఎవర్ని అడిగినా చెప్తారు. ఒక ఇంట్లో అనుమానం ఉంటే చుట్టుపక్కల అందరికీ చూడాలట, అది వాళ్ళ రూలు. వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి వేలికీ సూది, గాజు పలక మీద చుక్క. ఒక్కొక్కరూ వేలు నొక్కుకుంటూ నా మొహం చూసి మరీ పోయారు. తర్వాత డీడీటీ. ప్రతి ఇంట్లోంచీ మంచాలు, బిందెలు, బియ్యం డబ్బాలు, దేవుడి పటాలు వీధిలోకి. ఖాదర్ భాయ్ దుకాణం ఖాళీ చెయ్యడానికే మధ్యాహ్నమైంది. లాంతర్లు, లంగర్లు, సీసాలు అన్నీ ఎండలో పరిచి, వాటి మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడాయన.

నేను వెళ్ళి క్షమించమన్నాను. "అరె అప్పారావ్, నలభై సాల్ నుంచి ఆ మూల ఏముందో నాక్కూడా తెలీదయ్యా. ఈ రోజు తెలిసింది" అన్నాడు. అదొక్కటే ఆ రోజు నాకు దొరికిన మంచి మాట.

రత్నం మాత్రం ఇన్‌స్పెక్టరు వెనకే తిరిగింది. ఆ రక్తం చుక్కలో ఏం చూస్తారు, ఎలా చూస్తారు, ఎంత చిన్నగా ఉంటాయి అని. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వారం తర్వాత ఆఫీసుకి తీసుకురండి, మైక్రోస్కోపులో చూపిస్తానన్నాడు. తీసుకెళ్ళాను. స్టూలెక్కి ఓ కన్ను మూసి చాలాసేపు చూసింది. చిన్న చిన్న ఉంగరాల్లా ఉన్నాయి నాన్నా అంది. ఆ పలక ఎవరిదని అడిగితే అక్కడి ల్యాబ్ ఆయన చీటీ చూసి నా పేరు చదివాడు. మా వీధి మొత్తం మీద మలేరియా ఉన్నది ఒక్కడికే. అది ఎవరికో మీకు చెప్పక్కర్లేదు.

ఫోర్‌మన్‌కి ఫీవర్ అని రాసి పంపితే నవ్వి పక్కన పడేశాడట. మలేరియా ఆఫీసు సర్టిఫికెట్ చూశాక కూడా అనుమానంగానే జీతం లేని సెలవు మీద సంతకం పెట్టాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఓ సాయంత్రం మా ఇంటికొచ్చారు. నేను మంచం మీదున్నాను. పైడితల్లి ముక్కాలి పీట వేసి, పేరు కొట్టేస్తారేమోనని గుమ్మం దగ్గరే నిలబడింది. పిల్ల పేరు తియ్యనని ఆవిడే చెప్పారు. ఏప్రిల్లో పరీక్ష రాయించండి, ఈలోపు ఇంట్లో చదివించుకుంటానంటే నేను అడ్డం రాను, కానీ నాకు ఇంకో అబద్ధం చీటీ పంపొద్దు, ఇంట్లో చదువుకుంటోందనే రాయండి అన్నారు. ఆ కారణం మీద సెలవు ఇవ్వొచ్చో లేదో తనకీ తెలీదట, రూల్సు చూస్తానన్నారు. ఆ మ్యాపు గురించి కూడా తెలుసుకున్నారు. ఓ రోజు పిల్లలందర్నీ ఓర్ బెర్త్ కనపడే చోటికి తీసుకెళ్తాను, నువ్వు వచ్చి చూపిస్తావా అని రత్నాన్ని అడిగారు. అది ఆలోచించి చెప్తానంది. పైడితల్లి దాని నెత్తి మీద మొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అన్నీ సర్దుకున్నట్టే కదా. కానీ నా గడి ఖాళీగానే ఉంది. పిల్ల అందరికీ చూస్తోంది, మేకకి చూస్తోంది, నా మంచం దాటి పోతోంది. కోపం కాదు, అలిగే పిల్ల కాదది. తన కళ్ళ మీద తనకి నమ్మకం పోయింది, నా విషయంలో మాత్రం. మందులతో జ్వరం దిగుతోంది గానీ ఇది దిగడం లేదు.

చివరికి ఓ పొద్దున్న నేనే పిలిచాను. ఎంతుందో చూడమ్మా అన్నాను. పెట్టింది. మూడు నిమిషాలు గడియారం చూసి తీసింది. చూడకుండా నాకే అందించింది. "నువ్వే సూసి సెప్పు నాన్నా. నాను రాసుకుంటాను."

తీసుకున్నాను. కిటికీ వైపు తిప్పాను. ఇటూ అటూ తిప్పాను. పిల్ల పెన్సిలు పట్టుకుని ఎదురు చూస్తోంది. తొంభై ఎనిమిది అనేస్తే అయిపోను. నోటి దాకా వచ్చింది కూడా. కానీ రాసుకుంటుందది. నేనేం చెప్తే అదే గడిలో రాసుకుంటుంది.

"నాకు కనపడదమ్మా" అన్నాను. "ఇందులో పాదరసం గీత నాకు ఎప్పుడూ కనపడనేదు. ఆ రోజూ కనపడనేదు. తెలకుండానే నిన్ను తప్పన్నాను."

చత్వారం వచ్చి రెండేళ్ళైంది. ఫిట్టరుకి కళ్ళు తగ్గాయంటే బెంచి దగ్గర్నుంచి స్టోర్సుకి తోస్తారని ఎవరికీ చెప్పలేదు. వేలితో తడిమి కొలత చెప్తున్నానని మీరంతా మెచ్చుకునేవారు కదా, చూస్తే కనపడకే తడిమేవాణ్ణి. వర్క్‌షాపులో అందర్నీ మోసం చేశాను గానీ, ఆ పిల్ల ముందు ఆ మాట అనడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

రత్నం పెన్సిలు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. ఎన్నాళ్ళ తర్వాతో మళ్ళీ నన్నే ఓ ప్రశ్న అడిగింది. "మరి తెలనప్పుడు నన్ను అడగొచ్చు కదా నాన్నా?"

మంచం ఎక్కి పక్కన కూర్చుంది. థర్మామీటరు నా వేళ్ళ మధ్య పెట్టి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పింది. ఇంకాస్త తిప్పు, వెలుగు ఎనక నుంచి రావాల, ఇప్పుడు ఆపు, ఓ ఎండి తీగలా మెరుస్తాది సూడు అంది. నాకు కనపడలేదు. మళ్ళీ తిప్పించింది. మళ్ళీ కనపడలేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదది. నాలుగో రోజుకి ఖాదర్ భాయ్ ఓ పాత కళ్ళజోడు వెతికి ఇచ్చాక కనపడింది. పద్దెనిమిదేళ్ళ ఫిట్టర్ని, నూరు అని గట్టిగా అరిచాను. అది పరుగున వచ్చి చూసి, నవ్వాపుకుని, "దగ్గరికొచ్చేవు నాన్నా, తొంబై తొమ్మిది. రేపు మళ్ళీ సూద్దాం" అంది.